శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కొడవలూరికి ఎన్ని గంటలు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఊరికి వచ్చినప్పుడల్లా అందరూ నన్నడిగే ప్రశ్న ఒకటే: "అమెరికా నుంచి ఎన్ని గంటలు పడతాది?" ఇవాళ లెక్కతో సహా జవాబు చెబుతాను.

2021 జనవరిలో ఎయిరిండియా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా విమానం మొదలుపెట్టింది. ఆ మొదటి విమానాన్ని నడిపిన పైలట్లంతా మహిళలే. దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు 17 గంటలు. గోడ మీది మ్యాపు చూస్తే పసిఫిక్ సముద్రం మీదుగా రావాలనిపిస్తుంది. సోషల్ మాస్టారి బల్ల మీది గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టండి. అది ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. ఆ విమానం వచ్చిన దారీ అదే.

చలికాలంలో మనకీ అక్కడికీ తేడా 13 గంటల 30 నిమిషాలు. అలాంటి నేరు విమానంలో అక్కడ శనివారం రాత్రి 8 గంటలకు బయల్దేరితే, బెంగళూరులో దిగేసరికి సోమవారం తెల్లవారుజాము రెండున్నర. ఆదివారం ఆకాశంలోనే గడిచిపోతుంది.

అయితే కొడవలూరు లెక్క వేరు. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట, అక్కడ మూడు గంటల ముందే ఉండాలి. నేరు విమానమైతే అందులో 17. దిగాక తనిఖీలు, సామాన్లు గంటన్నర. ఆపైన చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట, నెల్లూరు మీదుగా 400 కిలోమీటర్లు, కారులో ఎనిమిది గంటలు. మొత్తం ముప్పై గంటల పైమాటే. చెన్నై దగ్గరే గానీ, అక్కడికి రావాలంటే మధ్యలో విమానం మారాలి.

రెండేళ్ల క్రితం మా నాన్నకు గుండెపోటు వచ్చిందని అర్ధరాత్రి ఫోను వచ్చింది. గుండెపోటుకు మొదటి గంటే ముఖ్యమంటారు డాక్టర్లు. నాకు కావలసినవి ముప్పై. ఇక్కడి మా క్లాసువాళ్లు ముగ్గురు ఆ గంటలోనే ఆయన్ను నెల్లూరు ఆస్పత్రికి చేర్చారు, సంతకాలు పెట్టారు, రాత్రంతా బయట బల్ల మీద కూర్చున్నారు. "నువ్వు నిదానంగా రారా, మేముండాం గదా" అన్నారు. నేను వచ్చేసరికి నాన్న ఇడ్లీ తింటున్నారు.

విమానాలు ఇంకెంత వేగం పెరిగినా ఆ మొదటి గంటను మాకు ఇవ్వలేవు. అందుకే సంఘానికి నాదొక మనవి. దూరాన ఉన్న ప్రతి విద్యార్థి తల్లిదండ్రుల పేర్లు, వాళ్ల మందుల వివరాలు, ఇక్కడ పలికే ఇద్దరు మిత్రుల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసిపెడదాం. రాత్రివేళ పిలిస్తే వచ్చే కారు కోసం ఒక నిధి పెడదాం. దానికి డబ్బు మేము సర్దుతాం. మనిషి సాయం మాత్రం ఊళ్లో ఉన్న మీరే చేయాలి.