మందు పని చేస్తుందో లేదో ముందే తెలుస్తుందా?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ళ జబ్బు గురించి మగవాడు మైకు ముందు మాట్లాడటమేమిటని కొందరు అనుకోవచ్చు. మనం నోరు విప్పనందువల్లనే ఈ జబ్బు ముదురుతున్నది గనుక మాట్లాడుతున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వల్ల 2022లో మన దేశంలో సుమారు 80 వేల మంది స్త్రీలు చనిపోయారని అంచనా.

క్యాన్సర్ మందులు మనకు పరాయి సంగతి కాదు. మెథోట్రెక్సేట్ అనే మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధక బృందం చలవే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరితే రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. అది కణంలోని డి.ఎన్.ఏ.ను పట్టుకుని కణాన్ని చంపుతుంది. అయితే కొన్ని కణాలు మందును బయటకు తోసేస్తాయి. కొన్ని తమ దెబ్బను తామే బాగు చేసుకుంటాయి.

మన బెంజ్ సర్కిల్‌నే చూడండి. కింద ఎర్రలైటు పడినా పైన ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగవు గదా! మందుకు లొంగని కణం కూడా అలాంటి పైదారి వేసుకున్నదే.

ఆ దారిని ముందే పసిగట్టవచ్చునా? ఇక్కడే మైక్రో ఆర్.ఎన్.ఏ.లు వస్తాయి. ఇవి కణంలోని ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు. ఫలానా ప్రొటీను తయారు చేయమని జన్యువు పంపిన ఉత్తర్వును మధ్యలో ఆపుతాయి. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవు మాత్రమే. 1993లో వీటిని ఒక చిన్న పురుగులో కనిపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కున్ గార్లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటిలో 21వ నంబరుది క్యాన్సర్ కణాల్లో ఎక్కువై, కణం పెరుగుదలకు బ్రేకు వేసే ప్రొటీనునే అణచివేస్తుంది. ఇవి రక్తంలో కూడా కనబడతాయి. కాబట్టి మందు పారుతుందో లేదో రక్తపరీక్షతో ముందే తెలిస్తే, పనికిరాని మందుతో వాంతులు, కిడ్నీల బాధ, పోయిన నెలలు ఆ తల్లికి తప్పుతాయి.

కాని ఇది ఇంకా పరిశోధనలోనే ఉన్నది. ఒకచోటి ఫలితం ఇంకొకచోట సరిపోవటం లేదు. ఈ పరీక్ష పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే, వైద్యం చేస్తున్న డాక్టరు గారిని అడగనిదే ఇవ్వకండి. మందు పని చేయటం లేదేమోనని మీ అంతట మీరు మధ్యలో మానకండి.

ఆ పరీక్ష వచ్చేదాకా మన చేతిలో ఉన్నదేమిటి? ఈ క్యాన్సర్‌కు కారణం హెచ్.పి.వి. అనే వైరస్. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు టీకా ఉన్నది. 30 దాటిన వారికి తేలికైన పరీక్షలున్నాయి. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వారు సిర్కా వంటి పలుచని ఆమ్లం పూసి చూసే పరీక్ష చేయించారు. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే చేశారు. మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు.

అమ్మలారా, ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా, భార్యాభర్తల కలయిక తరువాత కనిపించినా దాచుకోకండి. అన్నలారా, ఆటో ఖర్చుకు, లేడీ డాక్టరు ఫీజుకు వెనకాడకండి. హయా మంచి గుణమే. కాని జబ్బును దాచిపెట్టటం హయా కాదు. ఈ మాట ఇంటికి వెళ్ళి ఆడవాళ్ళకు చెబితే, నా ప్రసంగం సార్థకమైనట్టే.

సెలవు. ఖుదా హాఫిజ్.