వెన్నుపాము దెబ్బతిన్న రోగి: పరిచర్య



కోలారు జిల్లాయందలి ఆసుపత్రులలో రేయింబవళ్లు రోగుల పడకలయొద్ద నిలిచియుండు నర్సులైన మీ సభకు అధ్యక్షత వహించుటను మిక్కిలి గౌరవముగ భావించుచున్నాను. వెన్నుపాము దెబ్బతిన్నవారి పరిచర్యను గూర్చి ఆలోచించుటకు ఈ కోలారు బంగారుగనుల ఊరికంటె తగినచోటు మరియొకటి నాకు తోచుట లేదు.

1880వ సంవత్సర ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీవారు పని ప్రారంభించినది మొదలు 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడువరకు, తెలుగు, తమిళ కార్మికులు తరతరములుగ ఇక్కడ భూగర్భమునకు దిగిరి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతును దాటినది. అంత లోతున ముడిరాయి తీసివేయగా చుట్టునున్న శిలపై దుర్భరమైన ఒత్తిడి పడి, అది ఒక్కుమ్మడి పగిలి మీదికి చిమ్ముట కలదు. దీనినే రాక్‌బర్స్ట్ అందురు. వంగి పనిచేయువాని వీపుపై బండ పడినచో వెన్నెముక ముందునకు మడతపడి, ఛాతీయు నడుమును కలియుచోట విరుగును. గనులు మూతపడినను ఆపద తొలగలేదు. బెంగళూరు–చెన్నై రహదారిపై వాహనములు ఢీకొనుచున్నవి; చింతకాయ దులుపుటకు, మామిడికాయ కోయుటకు చెట్లెక్కినవారు జారిపడుచున్నారు. పడినవానిని చంకలక్రింద ఒకరు, మోకాళ్లక్రింద ఒకరు పట్టి లేవనెత్తి ఆటోలో కూర్చుండబెట్టి తెచ్చుట నేటికిని మన గ్రామములందు చూచుచున్నాము. ఆ కుదుపులో విరిగిన ఎముక కదలి, వెన్నుపాములో మిగిలిన నాడీతంతువులను గూడ నలుపునను భయము గలదు. పలకపై చదునుగ పరుండబెట్టి, మెడ కదలకుండ పట్టుకొని తీసికొనిరావలయునని ఊరూర ఆశా కార్యకర్తలకు నేర్పుట మన పనియే యని నా అభిప్రాయము.

రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ఇట్టి రోగులలో పెక్కుమంది పడకపుండ్లు చీముపట్టియు, మూత్రాశయము చెడియు మరణించుచుండిరి. 1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ ఈ స్థితిని మార్చెను. రేయనక పగలనక రెండు గంటల కొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పవలయునని ఆయన పట్టుపట్టెను. ఆ నియమమును నిలిపినది నర్సుల చేతులు.

ఆ త్రిప్పుట యెట్లుండవలయును? నలుగురు కావలయును. తలయొద్ద నున్నామె మెడను రెండుచేతుల నడుమ నిలిపి, తానే లెక్క చెప్పవలయును. మిగిలిన మువ్వురును భుజము, నడుము, కాళ్లు పట్టి, ఆమె మాటతో నొక్కసారిగ, దేహము దూలమువలె వంగక దొర్లునట్లు త్రిప్పవలయును. త్రిప్పిన వెంటనే పిరుదులనడుమ ఎముకను, మడమలను, తుంటిని చూడవలయును. గ్రంథములలో ఎఱ్ఱదనము చూడుడని వ్రాసియుండును గాని, మనవారి చామనచాయపై, నల్లని మేనిపై ఎఱ్ఱదనము సులభముగ కనబడదు. కావున వ్రేళ్లతో తాకి వేడిని, గట్టిదనమును, మెత్తబడుటను కనిపెట్టవలయును. దుప్పటి మడతయు, పడకపై రాలి యెండిన రాగిముద్ద తునకయు స్పర్శ తెలియని చర్మమునకు చాలినంత శత్రువులే.

మెడకుగాని ఛాతీ పైభాగమునకుగాని దెబ్బతగిలినచో మొదటి దినములలో నాడి మందగించి రక్తపుపోటు పడిపోవచ్చును. రక్తస్రావమున నాడి వేగము హెచ్చుటయే సాధారణము గనుక, ఈ భేదమును గుర్తింపవలయును. మెడయందు దెబ్బయైనచో ఊపిరిని గంటగంటకు లెక్కింపవలయును. నెలలు గడచినపిమ్మట, ఛాతీ ఆరవ వెన్నుపూసకుగాని దానికి పైనగాని దెబ్బతగిలిన రోగి హఠాత్తుగ తలపోటనియు చెమటలనియు మొరపెట్టినచో, రక్తపుపోటు మిన్నుముట్టుచున్నదని తెలిసికొని, అతనిని కూర్చుండబెట్టి, బట్టలు వదులుచేసి, ముందుగ మూత్రపు గొట్టము మడతపడినదేమో చూడవలయును. గొట్టము సరిచేసిన మాత్రముననే ప్రాణము నిలిచిన సందర్భము లుండును.

పరిచర్యకుగల ఈ ప్రాధాన్యమును మన ఆయుర్వేదమును ఎరుగును. చరకుడు చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యను నాలుగు పాదములు చెప్పి, పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము వలయు ననెను. ఈ వ్యాధియందు ఆ మూడవపాదము కుంటుపడినచో శస్త్రచికిత్స యెంత చక్కగ జరిగినను వ్యర్థమే.

మనకు సమీపముననే వేలూరులో డాక్టరు మేరీ వర్గీస్, 1954లో కారు ప్రమాదమున నడుముక్రింది భాగము చచ్చుబడినను, చక్రాలకుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. అమెరికాలో పునరావాస వైద్యము నభ్యసించి వచ్చి, 1966లో అచ్చటి పునరావాసకేంద్రమును నెలకొల్పిరి. ఆమె కథను ప్రమాదము జరిగిన మొదటివారముననే రోగికి చెప్పుడు. రోగి వినుచుండగా అతనిని గూర్చి బంధువులతో మాటలాడుట మానుడు, అతనితోనే మాటలాడుడు.

ఇంటికి పంపునప్పుడు తల్లికిగాని, భార్యకుగాని, అన్నదమ్ములకుగాని కాగితముమాత్రమిచ్చి పంపుట చాలదు. నాలుగైదు గంటలకొకమారు శుభ్రముగ గొట్టమువేసి మూత్రము తీయుటను, అద్దముతో వీపు చూచుకొనుటను, వారు మన యెదుట స్వయముగ చేసి చూపినపిదపనే పంపవలయును. నేర్పు భాషయు వారింట మాటలాడు తెలుగో, కన్నడమో, తమిళమో కావలయును. ఈ విషయమును తీర్మానముగ సభ ముందుంచుచున్నాను. మూత్రాశయ శిక్షణను గూర్చిన మొదటి వ్యాసము నిక చదువవలసినదిగ వ్యాసకర్త్రిని కోరుచున్నాను.