చావులోనూ లెక్కకు రానోళ్లు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల కార్యకర్తలు ప్రొద్దుటూరులో జరుపుకున్న సంస్మరణ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



సభ మొదలుకాకముందు బయట టీ తాగుతుంటే పులివెందుల నుంచి వచ్చిన చిన్నాయన ఒకరు నన్ను నిలేసినాడు. "యూదులకీ మనకీ ఏం సంబంధమప్పా? వాళ్లు యాడోళ్లు, మనం యాడోళ్లం? మన పల్లెలో సచ్చినోళ్లకే బొంద తీసే జాగా లేకపాయె, వాళ్ల సావుకు మనం సభ పెట్టాల్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పకుండా ఈ మైకు దిగను.

కేరళలో కొచ్చిన్ రేవు పక్కన మట్టాంచేరిలో యూదుల వీధి ఉంది. ఆ వీధిలో 2019 ఆగస్టు 30న సారా కోహెన్ అనే ముసలమ్మ చనిపోయింది. 96 ఏళ్ల మనిషి. చేతికుట్టు అంగడి పెట్టుకుని బతికింది. ముసలితనంలో ఆమెను కన్నతల్లి మాదిరి చూసుకున్నవాడు ఒక ముస్లిం. ఆమె పోయినాక ఆ అంగడిని నిలబెట్టిందీ ఆయనే. ఈ మాట ప్రొద్దుటూరు సాయిబులకు ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. తర్వాత 2024 ఆగస్టు 11న క్వీనీ హలెగ్వా చనిపోయింది. ఆమెకు 89 ఏళ్లు. ఇజ్రాయిల్ సర్కారు పాలస్తీనా జనానికి చేస్తున్నదాన్ని మనం ఒప్పుకోం, అది వేరే సంగతి. సందులో కూర్చుని గుడ్డల మీద పూలు కుట్టుకున్న అవ్వ ఖాతాలో ఆ లెక్క రాయకూడదు. ఇద్దరికీ మన నివాళి.

అయితే దేశదేశాల పేపర్లు వాళ్ల చావును రాసిన తీరు చూడండి. "చివరి యూదురాలు" అన్నారు. ఎవరిలో చివరి? కొచ్చిన్ "పరదేశి" యూదుల్లో చివరి ఆడమనిషి అంటే సరిపోతుంది. కానీ హెడ్డింగులో ఆ పరదేశి అనే మాట జారిపోతుంది. జారిపోయిన మాటలోనే ఉంది అసలు కథ.

పరదేశి యూదులంటే 16వ శతాబ్దం నుంచి స్పెయిన్, పోర్చుగల్ వైపు నుంచి, ఆ తర్వాత బాగ్దాద్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. 1568లో వాళ్లు సినగాగు, అంటే ప్రార్థన మందిరం, కట్టుకున్నారు. తెల్లోళ్లమని చెప్పుకున్నారు. వాళ్లకంటే వందల ఏళ్ల ముందునుంచే మలబారులో యూదులున్నారు. వెయ్యేళ్ల కిందటి రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చినాడు. ముందొచ్చిన ఆ జనానికేమో నల్ల యూదులని పేరు పెట్టినారు. పొత్తూ లేదు, పెళ్లీ లేదు. ఇక మూడో రకం, తెల్లోళ్ల ఇళ్లలో బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ల సంతతి. వాళ్లను మెషుక్రారిం అనేవాళ్లు. అదే మందిరానికి పోవాల, అదే దేవున్ని మొక్కాల, కానీ బెంచీ మీద కూర్చోకూడదు. ధర్మశాస్త్రం చుట్టను అందరి ముందూ చదవడానికి పిలుపు రాదు. మోషే ధర్మశాస్త్రంలో లేని కులం కొచ్చిన్ గాలికి ఎట్ల తగులుకుందో చూడండి. మన చర్చీల్లో ముందు వరస, వెనక వరస తెలిసినవాళ్లకు నేను విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఆ మూడో రకంలో 1882లో పుట్టినాడు అబ్రహాం బరాక్ సేలం. ఎర్నాకుళం మహారాజా కాలేజీలో బి.ఏ. చదివి, మద్రాసులో లా చేసి, తన జనంలో తొలి వకీలు అయినాడు. కొచ్చిన్ సంస్థానం శాసనమండలిలో సభ్యుడైనాడు. 1929లో లాహోరు కాంగ్రెసుకు పోయినాడు. పడవ పనివాళ్లకు సంఘం కట్టినాడు. ఎర్నాకుళంలో ఆయన నిలబడి ఉపన్యాసాలిచ్చిన దిబ్బకు సేలం కున్ను అని పేరు పడింది. బయట ఇంత మనిషి. మందిరంలోకి వస్తే మాత్రం బానిస మనవడే! కొన్నాళ్లు మందిరాన్ని బహిష్కరించినాడు. తర్వాత లోపలే సత్యాగ్రహం చేసినాడు. దేశంలో ఆలయ ప్రవేశ పోరాటాలు నడిచిన రోజులే అవి. ఏళ్లు పట్టింది. ఒక్కో కట్టుబాటూ వదులుకుంటూ వచ్చినారు. పెళ్లి కట్టుబాటు అన్నిటికంటే గట్టిది. 1950లో ఆయన కొడుకు తెల్లోళ్లింటి పిల్లను చేసుకుంటే ఆ పెళ్లి బొంబాయిలో జరగాల్సి వచ్చింది. సేలం 1967లో చనిపోయినాడు. ఆయన్ను "యూదుల గాంధీ" అంటారు. నన్నడిగితే ఆ పోలిక ఆయనకు కుదరదు. గాంధీ గుడి బయట నిలబెట్టబడిన మనిషి కాదు.

ఇప్పుడు చిన్నాయన ప్రశ్నకు దగ్గరికొస్తున్నా. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ సుమారు 40 కుటుంబాల మాదిగలు యూదులుగా బతుకుతున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు, అంటే ఎఫ్రాయిము పిల్లలు. వాళ్ల పెద్దలు క్రైస్తవులు. మనవాళ్లు చర్చికి పోయిన దారి మీకు తెలిసిందే. 1878 జూలై 3న ఒంగోలు సీమలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. మన జమ్మలమడుగు పల్లెల్లో లండన్ మిషను. కొత్తరెడ్డిపాలెంలో మాత్రం షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు ఇంకో అడుగు వేసినారు. తప్పిపోయిన ఇస్రాయేలు గోత్రాల్లో మనమొకటి, ఎద్దుమాంసం తినడం, శవాన్ని కాల్చకుండా పూడ్చడం దానికి ఆనవాళ్లు అన్నారు. 1990ల మొదట్లో చిన్న సినగాగు పెట్టినారు. శనివారం పని మానుకున్నారు. హీబ్రూ అక్షరాలు దిద్దినారు.

గోత్రం కథ నిజమా కాదా అనేది నేను తేల్చను. కులం పెట్టిన పేరు కాదని, తన పేరు తానే వెతుక్కునే హక్కు మాదిగకు ఉందా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఈశాన్యంలోని బెనె మెనాషే జనాన్ని 2005లో ఇజ్రాయిల్ పెద్ద రబ్బీ గుర్తించినాడు. గుంటూరు మాదిగలకు ఆ గుర్తింపు రాలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో వాళ్ల మీద ఒక పుస్తకం వేసినారు.

ఇక్కడ సర్కారు లెక్క కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు. క్రైస్తవుడైతే మన రాష్ట్రంలో బీసీ-సి. యూదుడనే మాట ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. అంటే కొత్తరెడ్డిపాలెం మాదిగ తన దేవుని పేరు కాగితం మీద రాస్తే సర్టిఫికెట్ పోతుంది, రాయకపోతే తన మతం పోతుంది. ఊరు మాత్రం అతన్ని ఏ మతమైనా మాదిగగానే చూస్తుంది.

పెద్దవయసులో ఆ దారి పట్టిన తరం ఇప్పుడు ఒక్కొక్కరే కన్నుమూసే తరం. మాదిగపల్లెలో పుట్టి, చర్చిలో పెరిగి, నెరిసిన తలతో కొత్త అక్షరాలు నేర్చినవాళ్లు. వాళ్లలో ఎవరి చావూ దేశదేశాల పేపర్లలో నేను చూడలేదు. కొచ్చిన్‌లో "చివరి" అని రాసేనాటికి మన తెలుగు గడ్డ మీద శనివారం దీపం వెలిగించే ఆడవాళ్లు బతికే ఉన్నారు. అందుకే సారమ్మతో, క్వీనమ్మతో పాటు పేరు పడని ఆ అవ్వలకూ అబ్బలకూ ఇక్కడ మౌనం పాటించినాం.

యూదుల చావు ఆచారంలో ఒకటి నాకు బాగా నచ్చింది. రెండు వేల ఏళ్ల కిందట గొప్పోళ్లు శవాలకు ఖరీదు బట్టలు కట్టేవాళ్లంట. పేదోళ్లు ఆ ఖర్చు మోయలేక శవాన్ని వదిలేసి పారిపోయేదాకా వచ్చిందంట. గమలియేలు అనే పెద్ద మనిషి తన శవానికి మామూలు నారబట్టే చుట్టమన్నాడు. అప్పట్నుంచి ఉన్నోడికీ లేనోడికీ అదే గుడ్డ. ఇంకోటి, చచ్చినవాళ్ల కోసం కద్దీషు అనే ప్రార్థన చెప్పాలంటే పదిమంది కూడాల. కొచ్చిన్‌లో ఆ పదిమంది ఏళ్ల తరబడి దొరకలేదు. బయటూరి యూదులు వస్తేనే ప్రార్థన. మన పల్లెల్లో పదిమందికి కరువు లేదు, వందమంది వస్తారు. వాళ్లను నిలబెట్టడానికే నేల లేదు. వంకలో పూడిస్తే వరదకు బొందలు తేలుతున్నాయి, చేను గట్టున పూడిస్తే దారి మూస్తున్నారు.

చిన్నాయనా, సంబంధం ఇదే. జమ్మలమడుగు నుంచి వచ్చిన అక్కలు బొందలగడ్డకు అర్జీ రాసుకొచ్చినారు. పల్లె పల్లెకూ సర్వే నంబరు పక్కన, అక్కడ పూడ్చిన మనవాళ్ల పేర్లు కూడా రాసినారు. అది చదివి వినిపిస్తారు. మైకు వాళ్లకు ఇస్తున్నా.