నాయకత్వమంటే సేవయే



గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ఆరంభమైంది. ‘నేను కాదు, నీవు’ అన్నది దాని ఆదర్శం. ఏటా 120 గంటల సేవ దాని నియమం.

కొరాపుట్, రాయగడ జిల్లాలు ఏళ్ల తరబడి మలేరియాతో పోరాడుతున్న మన్యసీమ. కువి మాట్లాడే కొండపల్లె నుండి కళాశాలకు వచ్చిన బిడ్డ, వసతిగృహంలో జ్వరం కాసినా బెరుకుతో పైకి చెప్పడు. భోజనాల వేళ అతని చోటు ఖాళీగా ఉండడం గమనించి, రక్తపరీక్షకు తోడు వెళ్లినవారే విద్యార్థి నాయకులు. ఊరివారికి దోమతెర గురించి బోధించే ముందు, పక్క మంచానికి అది ఉన్నదో లేదో చూడాలి.

ఈ పాఠశాల బిడ్డలు రేపు కళాశాలలలో అడుగు పెడతారు. మార్కులతో పాటు ఈ చూపును కూడా ఇచ్చి పంపుదాం.