ఏ పొగ మేలు?



తుళ్లూరు ప్రాంతపు శ్రోత యొకరు ఇటీవల మాకొక లేఖ వ్రాసిరి. ఆయన రైతు. నలుబది యేండ్లుగా చుట్ట కాల్చుచున్నారట. 2015లో రాజధానికై భూసమీకరణము జరిగినపుడు ఆయన మెట్టచేను అందులో చేరినది. ప్రత్తిచేను పోయినను చుట్ట మాత్రము పోలేదని ఆయనయే చమత్కరించిరి. దూరపు పట్టణమున చదువుకొనుచున్న కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, అతని చొక్కాజేబులో కలమువంటి వస్తువొకటి కనబడినది. అది వ్రాయు కలము కాదు. పొగ పీల్చు కలము. తండ్రి మందలింపబోగా కొడుకు, "నాన్నా, మీ చుట్టకంటె ఇది మేలు. దీనిలో నిప్పు లేదు, నుసి లేదు, కంపు లేదు" అనెనట. నోట చుట్ట పెట్టుకొనియున్న తండ్రికి బదులు తోచలేదు. "అయ్యా, వాడు చెప్పినది నిజమేనా? వీనిలో నాలుగైదు రకములున్నవట. క్రొత్తగా మొదలుపెట్టినవానికి ఏ రకము తక్కువ చెరుపు చేయును? ఉన్నదున్నట్లు చెప్పుడు" అని ఆయన కోరిరి.

ఉన్నదున్నట్లు చెప్పుటకే ఈ ప్రసంగము.

గుంటూరుసీమవారికి పొగాకునుగూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. 1920 ప్రాంతమున వర్జీనియా పొగాకు ఈ జిల్లాలో అడుగుపెట్టినది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డునకు గుంటూరే కేంద్రము. పొగాకులోని సత్తువ యెట్టిదో మన పెద్దలకు శాస్త్రము చదువకయే తెలియును. పైరునకు పేనుబంక పట్టినపుడు పొగాకు కషాయము కాచి చల్లినవారు వారు. ఆ కషాయమున పురుగును చంపునది నికోటిన్ అను పదార్థము. నేడు ప్రత్తికి, మిరపకు కొట్టు ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు కూడ పురుగు నరములపై నికోటిన్ పనిచేయు తీరునే పనిచేయును. చుట్టలోను, బీడీలోను, సిగరెట్టులోను మనిషిని కట్టివేయునది ఈ నికోటినే. ఆ అబ్బాయి కలములోని ద్రవమునందు సాధారణముగ ఉండునదియు నికోటినే.

ఆ కలము నిర్మాణము కష్టమైనది కాదు. ఒక బ్యాటరీ, ఒక సన్నని తీగచుట్ట, దానిని అంటియుండు వత్తి, కొంత ద్రవము: ఇంతియే. ఆ వత్తి చాలవాటిలో ప్రత్తిదూదియే. ద్రవమున గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నికోటిన్, పండ్ల వాసనలు, పిప్పరమెంటు వాసనలు ఉండును. పీల్చినపుడు తీగ వేడెక్కును. వత్తిలోని ద్రవము ఆవిరియై పొగమంచువలె నోటిలోనికి వచ్చును. 2003లో హాన్ లిక్ అను చీనా ఔషధశాస్త్రజ్ఞుడు నేటి రూపమునకు దగ్గరగా దీనిని తయారుచేసెను.

రకములు ముఖ్యముగ నాలుగు. మొదటిది సిగరెట్టును పోలినది. చిన్న బ్యాటరీ, కొద్దిపాటి ఆవిరి. రెండవది తొట్టి గలది; ద్రవము అయిపోయినపుడు మరల పోసికొనవచ్చును; పెద్దవాటిలో వేడిమిని హెచ్చించుటకు, తగ్గించుటకు మీటలుండును. వేడిమి మితిమీరినచో ద్రవము చెడి ఫార్మాల్డిహైడు వంటి విషములు హెచ్చును. మూడవది పాడ్ అనబడునది, అరచేతిలో ఇముడును, ద్రవము నింపిన డబ్బీని తగిలించుకొనుటయే పని. నాలుగవది వాడి పారవేయునది. రంగులు మిఠాయి కాగితమువలె ఉండును. బ్యాటరీతోసహా చెత్తలోనికి పోవును. పిల్లలకు చేరువగుచున్నదనియు, చెత్త పెరుగుచున్నదనియు ఈ నాలుగవదాని అమ్మకమును బ్రిటనులో 2025 జూన్ 1 నుండి నిషేధించిరి.

పైకి చూచినచో చిన్నది, తేలికైనది క్రొత్తవానికి తగినదనిపించును. చిక్కు ఇక్కడనే యున్నది. పూర్వపు ద్రవములలో నికోటిన్ హెచ్చైనచో గొంతు మండెడిది. ఆ మంటయే ఒక కావలి. ఇటీవలి పాడ్‌లలోను, పారవేయు రకములలోను నికోటిన్ లవణములు వాడుదురు. వీనికి మంట తక్కువ గనుక హెచ్చు నికోటిన్ మెత్తగా లోనికి దిగును. ఐరోపా దేశములలో మిల్లీలీటరు ద్రవమునకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ మించరాదని కట్టడి యున్నది. అమెరికాలో 50 దాటినవియు అమ్మిరి. అనగా క్రొత్తవానికి సుఖముగ తోచు రకమే వానిని త్వరగా కట్టివేయగలదు.

ఇక కొడుకు మాట. అందులో సగము సత్యమున్నది. దానిని కాదనుట న్యాయము కాదు. ఆకు కాలదు గనుక ఆ ఆవిరిలో తారు, కార్బన్ మోనాక్సైడు చుట్టపొగలోవలె ఉండవు. ఇంగ్లండునందు జరిగి 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, పొగ మానగోరిన 886 మందిలో కొందరికి ఈ సాధనమును, కొందరికి నికోటిన్ బిళ్ల, పట్టీ వంటివానిని ఇచ్చిరి. ఏడాది గడచునప్పటికి మొదటి వర్గమున నూటికి 18 మంది, రెండవ వర్గమున నూటికి 10 మంది సిగరెట్టు మానిరి. అయితే మొదటి వర్గమున మానినవారిలో నూటికి 80 మంది ఏడాది తరువాతను ఆ సాధనమును పీల్చుచునే యుండిరి. మరియొక మాట: వారందరును అంతకుముందే పొగత్రాగువారు. ఏనాడును పొగ త్రాగని కుఱ్ఱవానికి ఈ లెక్క వర్తింపదు. చుట్టతో పోల్చి మేలనవచ్చును. గాలితో పోల్చి మేలనుట యెట్లు? ఆ బిడ్డ విడిచిపెట్టినది చుట్ట కాదు, మంచి గాలి.

రకము నెన్నుకొనవలెనన్నచో దానిపై చీటీ నిజము చెప్పవలెను. మన దేశమున ఆ వీలు లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, అదే సంవత్సరము డిసెంబరులో చట్టము ద్వారా ఈ సాధనముల ఉత్పత్తి, దిగుమతి, రవాణా, అమ్మకము, ప్రకటన అన్నియు నిషేధింపబడినవి. మొదటి నేరమునకు ఏడాదివరకు జైలు గాని, లక్ష రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. ఈ దేశమున అమ్మకమునకు వచ్చునది చాటుసరకు. దాని చీటీకి జవాబుదారి లేడు. మిరపవిత్తనము కొనునపుడు సంచిమీద ముద్ర చూడని రైతు ఉండడు. నకిలీ విత్తు ఒక పంట తీయును, నకిలీ ద్రవము ఊపిరి తీయగలదు. 2019, 2020 సంవత్సరములలో అమెరికాలో ఇట్టి సాధనములు పీల్చి ఊపిరితిత్తులు చెడి 2,807 మంది ఆసుపత్రుల పాలైరి, లేదా మరణించిరి, మరణములు 68. వానిలో పెక్కింటికి మూలము చాటున అమ్మిన గంజాయి ద్రవములలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేలినది.

"ఈ పద్ధతి మేలు" అను మాట క్రొత్తది కాదు. శ్రీకాకుళము ప్రాంతమున స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగెడివారు. నిప్పు ఆరదు, నుసి రాలదు అని సౌకర్యము చెప్పెడివారు. 1971లో అక్కడ 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించిన పరిశోధన వెలువడినది. ఆ అలవాటుగలవారి అంగిళ్లలో జరిగిన చెరుపును లోకము దానివలన తెలిసికొన్నది.

మేమును పదునాలుగేండ్లు సిగరెట్టు కాల్చినవారమే. గట్టివి విడిచి "తేలిక" అని వ్రాసియున్న పెట్టెకు మారితిమి. రోజుకు పది చాలెడివి, పదునాలుగు కావలసివచ్చినవి. ఒకనాడు వార్తల నడుమ దగ్గుతెర వచ్చి మైకు మూయవలసివచ్చినది. ఆనాడు తెలిసినది, మేము మార్చినది పెట్టెను, అలవాటును కాదని.

కావున ఆ తండ్రిగారికి మా సమాధానము: క్రొత్తగా మొదలుపెట్టువానికి తగిన రకము వీనిలో ఒక్కటియు లేదు. కాని ఈ మాట నోట చుట్టతో చెప్పినచో చెల్లదు. మీ అబ్బాయిని దోషిగా నిలువబెట్టకుడు. పీల్చక యెన్ని గంటలు ఉండగలవని మెల్లగా అడుగుడు. ఆ ప్రశ్నయే మిమ్మును మీరడిగికొనుడు. ఇద్దరును కలిసి ఒక తేదీ నిర్ణయించుకొనుడు. ఆనాడు చుట్ట మీరు, కలము అతడు పారవేయుడు. మొదటి వారము చిరాకు, నిద్రలేమి ఉండును. అవి దినక్రమమున తగ్గును. 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు పలికినచో పొగాకు మానుటకు సలహా చెప్పెడివారున్నారు. నికోటిన్ చూయింగ్ గమ్ము మందుల దుకాణములలో దొరకును. డాక్టరు నడిగి వాడుకొనుడు. ఇంటిలో మిగిలిన ద్రవమును మాత్రము పసిపిల్లల చేతికి అందనీయకుడు. అది మింగినను, ఒంటిపై ఒలికినను విషమే.

మీ కుమారుడు మీకంటె మేలైనది వెదకెను. ఆ కోరిక మంచిదే. దానికి దారి వేరొక గొట్టము కాదని అతనికి మాటతోకాక మీ నడతతో తెలియవచ్చును. తేదీ యేదో మాకొక కార్డు వ్రాసినచో సంతోషింతుము.

సెలవు.