ఫోనులో పటం ఏం చెబుతోంది?



అంగలకుదురు నుంచి తెనాలికి దారి మనకు ఫోను చెప్పనక్కరలేదు. గుంటూరులో ఆసుపత్రి వెతకాలంటే మాత్రం పటం కావాలి. ఒక్కోసారి పటం రాదు, ఏవో అక్షరాలు వస్తాయి. కంగారుపడి నొక్కేయకండి. కూడబలుక్కుని చదవండి.

'లొకేషన్ ఆఫ్' అంటే మనం ఎక్కడున్నామో ఫోనుకు తెలియటం లేదు. ఆన్ చేయాలి.

'ఇంటర్నెట్ లేదు' అంటే కొత్త ఊరి బొమ్మ రాదు. బయల్దేరే ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా కనిపిస్తుంది.

'జీపీఎస్ సిగ్నల్ లేదు' అంటే ఫోను పాడైపోలేదు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు కనీసం 4 దానికి అందాలి. శ్లాబు కింద సరిగా అందవు. ఆరుబయటికి వచ్చి కాసేపు ఆగండి.

అసలు చిక్కు వేరే ఉంది. పటం తప్పుదారి చూపితే ఏ అక్షరాలూ రావు! అప్పుడు రోడ్డు పక్క బోర్డు చదవండి, కొట్టు దగ్గర ఒకరిని అడగండి.