ఆటపాటలు - పోషకులు



రేగొండలో సమావేశమైన ఈ మహాసభయందు, ఆటపాటలకు ప్రచారమును ధనమును సమకూర్చు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు మమ్ము కోరిరి. బడిలో వ్యాకరణము చెప్పినవారికి ఈ వ్యాపారచర్చ యేల యని కొందరు నవ్వవచ్చును. కాని యోచించి చూడగా ఈ విద్య మనకు క్రొత్తది కాదు.

పద్మశాలీలమైన మనకు కూనపులివారు పటము విప్పి మార్కండేయపురాణము చెప్పుట పెద్దలెల్లరు నెరుగుదురు. వ్యయము కులమువారిది, వినుట ఊరందరిది. దాత రూపాయి చదివించినంతనే కథకుడు కథ నాపి, పేరెత్తి దీవించును. నేడు పందెములకు సంస్థల పేళ్లు పెట్టుటకును మూలసూత్ర మిదియే. ఇచ్చినవాడు జనసమక్షమున పేరు పొందును. ఆ సొమ్ముతో కళాకారుడు బ్రదుకును.

రెండవ మెట్టు టికెట్టు. 1885లో కడపసీమయందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకముతో నాటకసమాజమును నెలకొల్పిరి. కుటుంబములే సమాజములై, ఊరూర డేరా వేసి, ప్రేక్షకుల సొమ్ముతో జీవించినవి. కోడి రామమూర్తినాయుడుగారు సర్కసు నడపి తమ దేహబలమునే ప్రకటనగా చేసికొనిరి. వీరివలన నేర్వదగిన పాఠములు మూడు. జనము గుమిగూడు వేళ నెరుగుట మొదటిది. కొడవటంచ జాతరలో అంగడి పెట్టు ప్రతివానికి నిది తెలియును. అందరికి నందు వెల పెట్టుట రెండవది. గుడారము వెలుపల చాటినదానిని లోపల చూపుట మూడవది.

మూడవ మెట్టు టెలివిజను. 2008లో ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలు ఆరంభమైనప్పుడు, ఆ పోటీలకు తన పేరు చేర్చుకొనుటకై డి.ఎల్.ఎఫ్. సంస్థ అయిదేండ్లకు 200 కోట్ల రూపాయల కొడంబడెను. మన హైదరాబాదు జట్టగు డెక్కన్ ఛార్జర్స్ 2009లో విజేతయయ్యును, 2012లో ఒప్పందము రద్దయి కనుమరుగయ్యెను. గెలు పొక్కటియే చాలదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? 2014లో ప్రో కబడ్డీ పోటీలు ఆరంభము కాగా, తెలుగు టైటాన్స్ పేర మనకును జట్టు కలిగి, మట్టిలో నాడిన చెడుగుడు ఇంటింటి తెరపై కెక్కెను.

ఇక మా యనుభవ మొకటి. మేము ఉపాధ్యాయులుగా నున్న దినములలో ఒక యూర చెడుగుడు పందెములు జరిపితిమి. దాత పేరు ద్వారమునను, కప్పుమీదను, కరపత్రములయందును వ్రాయించితిమి. కడపటి యాటలో మా శిష్యు డొకనికి మోకాలు విరిగెను. వైద్యమునకై చూడగా పెట్టెలో పైస లేదు. సర్వము పందిరికిని, మైకునకును, సన్మానములకును చెల్లిపోయెను. ఆ బాలుడు మరల బరిలో దిగలేదు. తప్పు దాతది కాదు, లెక్క వేసిన మాది.

కావున మా మనవి యిది. ఈ సంచికకు వచ్చిన ప్రకటనల సొమ్ములోను, మన యువకులు జరుపు పందెముల చందాలలోను నాలుగవ వంతును ముందుగనే తీసి, ఆటగాండ్ర వైద్యమునకును, కూనపులివారి సంభావనకును ప్రత్యేకింపుడు. మిగిలినదానితోనే పందిళ్లు వేయుడు. పోషకశబ్దము పుష్టి నిచ్చుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. పుష్టి యాడువానికి చేరినప్పుడే పేరు దాతకు చెల్లును.